మా మావయ్య బీరువా కొలత

మా మావయ్య ఏ పనినీ కష్టం అనడు, సులువు అనడు. స్టూలు అంటాడు, కుర్చీ అంటాడు, బల్ల అంటాడు, మంచం అంటాడు, మరీ గడ్డుదైతే బీరువా అంటాడు. అంటే ఆ పని చెయ్యడం ఆ సామానుని మెట్లమీదుగా మూడో అంతస్తుకి ఎక్కించడంతో సమానమని అర్థం. పన్ను పీకించుకుని బుగ్గ పట్టుకుని వచ్చిన రోజున ఎలా ఉందని అడిగితే "బల్ల" అన్నాడు. టెలిఫోను ఆఫీసువాళ్ళు ఈ కిటికీ కాదు ఆ కిటికీ అని తిప్పితిప్పి పంపిన రోజున "మంచం, అదీ డబుల్ కాటు" అన్నాడు. పక్కవాటా కుర్రాడు తన ప్రేమ వ్యవహారం చెప్పుకుంటే మొత్తం ఓపిగ్గా విని, "బీరువా నాయనా, అద్దం బిగించిన బీరువా. జాగ్రత్తగా పట్టుకో" అని భుజం తట్టి పంపించాడు.

ఇలాంటి మనిషికి మేనకోడలిగా పుట్టిన నేను చేసే ఉద్యోగం తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. బజార్లో ఏ తక్కెడ ముల్లు వెంట్రుకవాసి పక్కకి వాలినా నాకు తిండి సహించదు. తూకంరాయికి ముద్ర లేకపోతే ఆ కొట్టువాడికి నోటీసు ఇచ్చేదాకా కాలు నిలవదు. అలాంటి నేను కింది అంతస్తులో కాపురం ఉంటుండగా, సరిగ్గా నా నెత్తిమీద ఒక మనిషి స్టూళ్ళతోనూ బీరువాలతోనూ సంగీతాన్ని కొలుస్తూ కూర్చున్నాడంటే నాకెంత ఒళ్ళు మంటగా ఉండేదో మీరే ఆలోచించండి. సంగీతం అని ఎందుకన్నానంటే, మావయ్య వృత్తి పియానో నేర్పడం.

ఈ కొలత ఎక్కడ పుట్టిందో చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో మావయ్యా అత్తయ్యా ఆ మూడో అంతస్తు వాటా అద్దెకి తీసుకోవడానికి కారణం అందులో అప్పటికే ఒక పియానో ఉండటం. దాన్ని ఏ మహానుభావులు ఎలా ఎక్కించారో ఎవరికీ తెలియదు. దించడం చేతగాక ఇంటివాళ్ళు అలాగే వదిలేశారు. పియానోయే పైన ఉంటే మిగతా సామాను ఒక లెక్కా అనుకున్నాడు మావయ్య. స్టూళ్ళు వెళ్ళాయి, కుర్చీలు వెళ్ళాయి, బల్ల గోడ గీరుకుంటూ వెళ్ళింది, మంచం ఒక కోడు విరగ్గొట్టుకుని వెళ్ళింది. అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్క బీరువా మాత్రం రెండో అంతస్తు దాటాక మెట్ల మలుపులో ఇరుక్కుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. కూలీలు చేతులెత్తేసి వెళ్ళిపోయారు.

ఆ వానాకాలమంతా బీరువా ఆ మలుపులోనే కాపురం చేసింది. పైవాటాల వాళ్ళు దానికీ గోడకీ మధ్య ఊపిరి బిగబట్టి దూరి వెళ్ళేవారు. కాస్త ఒళ్ళున్నవాళ్ళు ఇల్లే మారిపోయారని మావయ్య చెబుతాడుగానీ అది నేను నమ్మను. పోస్టుమాన్ పైవాళ్ళ ఉత్తరాలన్నీ దాని అరలో పెట్టి చక్కాపోయేవాడు. అత్తయ్య పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని దిగివచ్చి, బీరువా తెరిచి, ఆవేళ కట్టుకోవాల్సిన బట్టలు ఏరుకుని పైకి వెళ్ళేది. అటుగా పోయేవాళ్ళు ఆగి, ఈ రంగు మీకు నప్పదండీ, దాని కింద ఉన్నది తియ్యండి అని సలహాలు కూడా ఇచ్చేవారట. వానలు వెలిసేసరికి మావయ్య బుర్రలో లోకంలోని కష్టమంతా సామానుగా మారిపోయింది.

ఇక పాట ఎంత కష్టమో లెక్కకట్టే పద్ధతి చూడాలి. శిష్యులెవరైనా కొత్త నొటేషన్ తెచ్చి, ఇది నాకు వస్తుందా మాస్టారూ, ఎంత కష్టం అని అడిగితే మావయ్య పియానో జోలికి వెళ్ళడు. ముందు ఆ కాగితాల్ని గదిలో బట్టలారేసే తాడుకి క్లిప్పులు పెట్టి వరసగా వేలాడదీస్తాడు. ఈ చివర గోడకి వీపు ఆనించి, కళ్ళు చికిలించి, నలుపు ఎక్కడెక్కడ చిక్కగా ఉందో చూస్తాడు. తర్వాత దగ్గరికి వెళ్ళి, చేతులు ఎక్కడ ఒకదానిమీంచి ఒకటి దాటాలో, చిటికెనవేలు ఎంత దూరం సాగాలో, కుడిచెయ్యి మూడు కొడుతుంటే ఎడమచెయ్యి రెండే కొట్టాల్సిన చోట్లు ఎక్కడున్నాయో గాల్లో వేళ్ళు ఆడిస్తూ చూసుకుంటాడు. ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. దీన్ని కొలత అంటే నేనూ ఒప్పుకుంటాను.

ఆ తర్వాత చేసేదే నాకు గిట్టేది కాదు. పాటని తాడుమీద గాలికి వదిలేసి శిష్యుల వైపు తిరుగుతాడు. చేతులు చూపించమంటాడు. కిటికీ దాకా నడిచి రమ్మంటాడు. రాత్రి నిద్ర పట్టిందా అంటాడు, ఇంట్లో అందరూ కులాసానా అంటాడు. ఆ జవాబులన్నీ విని కళ్ళు మూసుకుని అప్పుడు చెబుతాడు, "కుర్చీ" అని.

ఉల్లిపాయలు తూచేటప్పుడు కొనేవాడికి నిద్ర పట్టిందో లేదో మనకెందుకు మావయ్యా అని ఒకసారి నిలదీశాను.

"ఇంటిదాకా మోసుకుపోయేది వాడే కదే," అన్నాడు.

అతని సిద్ధాంతం ఇంకొకటి ఉంది. కొత్తవాళ్ళందరూ పాట ఎంత వేగంగా ఉందని చూసి భయపడతారు, పేజీలెన్నని లెక్కపెట్టి భయపడతారు. మావయ్య ఆ రెంటినీ లెక్కలోకే తీసుకోడు. బీరువా బరువుకి ఆగిపోలేదు, మలుపుకి ఆగిపోయింది అంటాడు. ఏ పాటలోనైనా చెయ్యి ఒక తీరు నుంచి ఇంకో తీరుకి తిరిగే చోట్లు కొన్ని ఉంటాయి, కష్టమంతా అక్కడే కూర్చుని ఉంటుంది, మిగతాదంతా ఉత్త మెట్లే అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. విన్నాక మాత్రం ఆయన చెప్పే కొలతకీ ఈ సిద్ధాంతానికీ చుట్టరికం కనిపించేది కాదు.

ఉదాహరణకి జోలపాట గొడవ. మావయ్య దగ్గర కోర్టు నుంచి విరమించిన ఒక ప్లీడరు గారు నేర్చుకునేవారు. పోస్టాఫీసులో సంచులు దించే ఉద్యోగంలో ఉన్న ఒక అమ్మాయి కూడా నేర్చుకునేది. ఇద్దరికీ ఒకే వారంలో ఒకే జోలపాట పడింది. అది ఎంత చిన్న పాటంటే, పిల్లవాడు ఒక కన్ను మూసేలోపు అయిపోతుంది. ప్లీడరు గారు చెమటలు తుడుచుకుంటూ మెట్లు దిగుతుండగా పోస్టాఫీసు అమ్మాయి ఎదురైంది. బీరువా ఎత్తుతున్నానమ్మా, మామూలు విషయం కాదు అన్నారు ఆయన. ఏ పాటండీ అని ఆ అమ్మాయి కాగితం చూసి, అయ్యో ఇదా, నాకు మాస్టారు స్టూలని చెప్పారే అంది. అంతే, మెట్లమీద కోర్టు మొదలైంది. ప్లీడరు గారు వాదించిన తీరుకి అన్ని వాటాల తలుపులూ తెరుచుకున్నాయి.

నేను వెంటనే పైకి వెళ్ళాను. ఒకే సరుకుకి ఇద్దరికి రెండు తూకాలు వేస్తే మా శాఖలో తక్కెడ జప్తు చేస్తారని చెప్పాను.

"చేసుకో," అన్నాడు మావయ్య. "బీరువా ఆ గదిలో ఉంది. మలుపు దగ్గర కాస్త చూసుకుని దించు."

ఆవలిస్తే పేగులు లెక్కపెడతానని నాకు మా ఆఫీసులో పేరుంది. ఇంట్లో మాత్రం ఈ మనిషి ముందు నా ఆటలు సాగలేదు. ఆ రోజు కోపంగా కిందికి దిగివచ్చాను. ఇంతలో పిల్లిపిల్ల వచ్చింది.

పిల్లిపిల్ల అంటే మావయ్య శిష్యురాలికి మేం పెట్టుకున్న పేరు. అడుగు తీసి అడుగు వేస్తే చప్పుడుండదు. గదిలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు, ఎప్పుడు వెళ్ళిందో తెలియదు. పియానో ముందు కూర్చుంటే మాత్రం ఆ చిన్న చేతుల్లోంచి వచ్చే నాదానికి అత్తయ్య కుట్టుమిషను ఆపి వినేది. అత్తయ్య దర్జీ పని చేస్తుంది, చేతిలో పని ఆపడం ఆవిడ జాతకంలోనే లేదు. ఇక ఆ పిల్ల తల్లి సిటీ బస్సు డ్రైవరు. ఆవిడ గొంతు ఎలాంటిదంటే, హారన్ పాడైనా ఆ బస్సుకి ఏ ఇబ్బందీ ఉండదు. ఆవిణ్ణి అందరూ బస్సమ్మ అనేవారు. ఆ కడుపున ఈ పిల్ల ఎలా పుట్టిందని అందరికీ ఆశ్చర్యమే.

పిల్లిపిల్లకి ఉన్నది ఒకటే కోరిక, సంగీత కళాశాలలో చేరడం. చేరాలంటే ప్రవేశ పరీక్షలో ఒక పెద్ద పాట వాయించాలి. దాని అసలు పేరు నా నోరు తిరిగేది కాదు, కాగితం నిండా సిరా ఒలికినట్టు స్వరాలుండటంతో అందరూ దాన్ని నల్లపాట అనేవారు. అంతకుముందు ఏడాది ఆ పిల్ల వేరే మాస్టారి దగ్గర దాన్ని నేర్చుకుంది. ఆ మహానుభావుడు మొదటి రోజునే, ఇది ఆషామాషీ పాట కాదు, మగధీరులే మధ్యలో ఏడ్చేశారు, నీ చేతులు చూస్తే నాకు నమ్మకం లేదు అని కష్టం లెక్కకట్టి మరీ మొదలుపెట్టాడు. పాపం రాత్రింబవళ్ళు సాధన చేసింది. పరీక్ష రోజున గది బయట కూర్చుని ఉండగా, లోపల ముందు అభ్యర్థి వాయిస్తున్న నల్లపాట తలుపులోంచి వినపడింది. ఈ పిల్ల లేచి నేరుగా ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. చెప్పులు అక్కడే ఉండిపోయాయి. వయసు పరిమితి చూస్తే వచ్చే పరీక్షే ఆఖరిది. అదీ పోతే ఆ కళాశాల గేటు దాటే యోగం లేదు.

బస్సమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి ఇదంతా చెప్పింది. చెప్పడం మూడో అంతస్తులో చెప్పినా నాకు కింద వంటింట్లో స్పష్టంగా వినపడింది. నేను ఊరుకోలేక పైకి వెళ్ళాను. మావయ్య నల్లపాటని తాడుకి వేలాడదియ్యలేదు. కనీసం చేతిలోకి తీసుకోలేదు. పిల్లని కిటికీ దాకా నడిచి రమ్మన్నాడు. ఆ పిల్ల నడిచి వెళ్ళి కర్టెన్ వెనక్కి దూరింది, మళ్ళీ రాలేదు. మావయ్య చాలాసేపు ఆ కర్టెన్ వైపు చూశాడు.

"నల్లపాట సంగతి తర్వాత చూద్దాంలేమ్మా," అన్నాడు కర్టెన్‌తో. "ముందు ఒక స్టూలు ఇస్తాను. చిన్న స్టూలు."

ఆ స్టూలుతో మొదలైంది. పాత అట్టపెట్టెల్ని ముక్కలుగా కోసి, వాటిమీద తన చేత్తో నాలుగేసి వరసల స్వరాలు రాసి ఇచ్చేవాడు. ఒకసారి ఎడమచేతికి మాత్రమే, ఒకసారి కుడిచేతికి మాత్రమే. అన్నీ నత్తనడకన వాయించాలి. ప్రతి ముక్కకీ ఒక పేరు. గిరగిరా తిరిగేది మిక్సీ ముక్క. ఆగి ఆగి వచ్చేది దగ్గు ముక్క. పైనుంచి కిందికి గలగలా జారేది తాళంచెవులు పడిపోయిన ముక్క. అన్నీ స్టూళ్ళే, మహా అయితే ఒక కుర్చీ. పిల్లిపిల్ల హాయిగా వాయించేది. నెలలు గడిచేకొద్దీ నవ్వడం కూడా మొదలుపెట్టింది, అదీ చప్పుడు లేకుండానే.

నాకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. పరీక్ష దగ్గరపడుతోంది, ఈయన చూస్తే మిక్సీలు, దగ్గులు నేర్పుతున్నాడు. ఏం మావయ్యా, ఆ పిల్ల భవిష్యత్తు స్టూళ్ళకింద నలిగిపోతోంది, నల్లపాట ఎప్పుడు మొదలుపెడతావు అని అడిగితే, ఆ పిల్ల ముందు దాని పేరెత్తావంటే నీ తక్కెడ విరగ్గొడతానన్నాడు. ఎప్పుడూ కసురుకోని మనిషి కసిరేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. బుద్ధిగా కిందికి వచ్చేశాను.

పరీక్ష ఇంకొన్ని రోజుల్లోకి వచ్చిన ఒక పొద్దున, ఆఫీసుల వేళ, మా ఇంటి ముందు సిటీ బస్సు ఆగింది. అక్కడ స్టాపు లేదు. బస్సమ్మ యూనిఫారంలోనే దిగి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని మెట్లెక్కింది. పిల్లిపిల్ల అప్పటికి పైన పాఠంలో ఉంది. కాసేపటికి బస్సులో జనం కూడా ఒక్కొక్కరే దిగి, డ్రైవరమ్మ ఎటెళ్ళిందని ఆమె వెనకాలే ఎక్కడం మొదలుపెట్టారు. నేను వెళ్ళేసరికి మెట్లు మలుపు దాకా నిండిపోయాయి. ఇన్‌స్పెక్టర్ని, దారివ్వండి అంటే టికెట్ ఇన్‌స్పెక్టరనుకుని అందరూ టికెట్లు చూపించారు.

లోపల బస్సమ్మ సూటిగా విషయానికొచ్చింది. "మాస్టారూ, పరీక్ష నెత్తిమీదికొచ్చింది. నల్లపాట ఎప్పుడు మొదలెడతారు?"

"మొదలెట్టనమ్మా."

"ఏంటీ?"

"అవసరం లేదు."

ఇంక ఆవిడ ఆగలేదు. ఏడాది నమ్మినందుకు మంచి బుద్ధి చెప్పారంది. పిల్ల జీవితం మీకు ఆటగా ఉందా అంది. కాళ్ళో వేళ్ళో పట్టుకుని పాత మాస్టారి దగ్గరికే తీసుకుపోతానంది. మెట్లమీద జనం అవునవునన్నారు, వాళ్ళకి విషయం ఏమిటో తెలియకపోయినా. పాత మాస్టారి పేరు వినగానే పిల్లిపిల్ల కర్టెన్ వైపు ఒక్కొక్క అడుగే జరుగుతోంది. పాఠానికి వచ్చి మూల కుర్చీలో కూర్చున్న ప్లీడరు గారికి కూడా ఏ పక్షం వాదించాలో తోచలేదు. మావయ్య మొహం చూస్తే నాకే జాలేసింది. చెబితే ఒక తంటా, చెప్పకపోతే ఒక తంటా, అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాడు.

చివరికి ఒక నిట్టూర్పు విడిచి, అట్టముక్కలన్నీ తెచ్చి, క్లిప్పులు పెట్టి తాడుకి వేలాడదీశాడు. ఆ పిల్ల నేర్చుకున్న వరసలో కాదు, వేరే వరసలో. తాడు ఈ చివర నుంచి ఆ చివరకి నిండిపోయింది.

"అమ్మా, మీ అమ్మగారికి మన స్టూళ్ళన్నీ ఒకసారి చూపిద్దాం. ఒకదాని వెంట ఒకటి, ఆగకుండా. రెండు చేతులూ కలిపి. కాస్త త్వరగా."

పిల్లిపిల్ల కూర్చుంది. దగ్గు ముక్క వాయించింది, దానికి మిక్సీ ముక్క తగులుకుంది. ఏడాదిపాటు నా నెత్తిమీద విడివిడిగా మోగి నన్ను వేధించిన ముక్కలన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వరసగా నడిచొస్తున్నాయి. ఎడమచేతి ముక్కమీద కుడిచేతి ముక్క ఎక్కి కూర్చుంటోంది. ప్లీడరు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన ఏదో అనబోయేంతలో అత్తయ్య తను కుడుతున్న గుడ్డ తీసి ఆయన నోటికి అడ్డం పెట్టేసింది. నాకప్పుడు అర్థమైంది.

తాళంచెవులు పడిపోయిన ముక్క దగ్గర పిల్లిపిల్ల ఆగిపోయింది. వేళ్ళు మీటలమీదే ఉన్నాయి. ఆ చోటే, పోయిన ఏడాది తలుపు సందులోంచి విన్నది.

"మాస్టారూ, ఇది నల్లపాట కదా?"

"అవునమ్మా."

"ఎప్పట్నుంచి?"

"మొదటి స్టూలు దగ్గర్నుంచి. నువ్వు ఆనవాలు పట్టకూడదనే చెయ్యికో ముక్కగా విడదీసి, వరస మార్చి ఇచ్చాను."

ఆ పిల్ల తలుపు వైపు చూసింది. పారిపోదామన్నా దారి లేదు, గుమ్మంలో టిఫిను డబ్బాలతో జనం. తిరిగి మావయ్య వైపు చూసింది.

"నిజం చెప్పండి మాస్టారూ. ఎంత కష్టం?"

మావయ్య ముందు నా వైపు చూశాడు. ఆ క్షణంలో నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. స్టూలని చెప్పెయ్ మావయ్యా అని మనసులో అనుకున్నానని మాత్రం తెలుసు.

"బీరువా," అన్నాడు. "నేను చూసినవాటిలో ఇంతకంటే పెద్ద బీరువా లేదు. నాకే సరిగ్గా రాదు. కానీ బీరువాని బీరువాగా ఎవరూ ఎక్కించలేరమ్మా. అప్పుడు మా ఆవిడ ఏం చేసిందో తెలుసా, స్క్రూడ్రైవరు పట్టుకుని దిగి, తలుపులు ఊడదీసి, అరలు ఊడదీసి, ఒక్కొక్క చెక్కా పైకి తెచ్చుకుంది. నువ్వూ ఏడాది నుంచి అదే పని చేస్తున్నావు. చెక్కలన్నీ పైకి వచ్చేశాయి. ఇంక కిందికి చూడాల్సిన పనేముంది, బిగించుకోవడమే."

అప్పుడు ఎవరిదో మెత్తటి గొంతు వినపడింది. అది బస్సమ్మదని గుర్తుపట్టడానికి మా అందరికీ కాస్త సమయం పట్టింది.

"ఆపావేంటే తల్లీ? బాగుంది, కానియ్," అంది.

మెట్లమీద నుంచి ఒక పెద్దాయన, మాకు ఆఫీసు ఆలస్యమైనా ఫరవాలేదు, పాట అయ్యాకే పోదామన్నాడు. తాళంచెవులు గలగలా కిందపడ్డాయి. రెండు చోట్ల తలుపు బిగిసింది, ఒక చోట అర పట్టలేదు, ఆ పిల్ల వెనక్కి వెళ్ళి మళ్ళీ బిగించుకుని వచ్చింది. చివరిదాకా వాయించింది. ఆ రోజు ఊళ్ళో చాలామంది ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళి, బస్సు చెడిపోయిందని చెప్పుకున్నారు.

జనమంతా దిగిపోయాక నేను మావయ్యని వదల్లేదు. మరి జోలపాట సంగతేమిటి, అది బీరువానా, స్టూలా, ఒకటి తేల్చమన్నాను. ప్లీడరు గారు అప్పటికి వెళ్ళిపోయారు కాబట్టి చెప్పాడు.

"అది స్టూలేనే. కానీ ఆయన కోర్టు మానేసిన దగ్గర్నుంచి ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వడం లేదు. మనిషన్నాక ఏదో ఒక బరువు మోశాననిపించాలి కదా. ఆ పోస్టాఫీసు అమ్మాయి చూస్తే పొద్దుణ్ణుంచి సంచులు మోసి వస్తుంది. ఆమె నెత్తిన ఇంకో బీరువా ఎందుకు?"

అత్తయ్య మిషను మీంచి తలెత్తకుండానే అంది. "నేను ఊళ్ళోవాళ్ళందరి జాకెట్లూ ఒకే కొలతకి కుడితే, బాగుందని ముద్ర వేసిపోతావుటే?"

ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి తప్పుడు తూకం చూస్తే కోపం రావడం తప్ప, కడుపు నిండిపోవడం నాకు అదే మొదలు. కిందికి వచ్చి, ఎందుకో ఊరికే నవ్వుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

పిల్లిపిల్లకి సీటు వచ్చింది. ఈ ముక్క చివర్న చెప్పి మిమ్మల్ని ఊరించొచ్చుగానీ, సరుకు దాచిపెట్టి బేరం పెంచడం మా శాఖలో నేరం. పరీక్ష రోజున జరిగిన ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను.

ఆ రోజు నేను సెలవు పెట్టి మావయ్యతో కళాశాలకి వెళ్ళాను. బస్సమ్మకి సెలవు దొరకలేదు. తన బస్సు వెళ్ళే దారి అదే కాబట్టి, ట్రిప్పు ట్రిప్పుకీ గేటు ముందు హారన్ మోగించుకుంటూ పోతోంది. పిల్లిపిల్ల పేరు పిలిచారు. ఆ పిల్ల లేచి, చేతులు ఒకసారి తుడుచుకుని, మావయ్యకి వస్తానని చెప్పి లోపలికి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు.

భయమంతా మావయ్యకి వదిలేసి వెళ్ళినట్టుంది. బెంచీమీద కూర్చున్నాడు, లేచాడు, గోడమీద ఎవరిదో ఫొటో చూశాడు, దానికి నమస్కారం పెట్టాడు, వచ్చి కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. నా కళ్ళద్దాలు తీసుకుని తను పెట్టుకున్నాడు. అటెండరు వచ్చి, పెద్దాయనా, మీ పరీక్ష ఏ గదిలో అని అడిగాడు. అంతలో లోపల్నుంచి దగ్గు ముక్క వినపడింది. మావయ్య గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"ఏమే, ఇలా బయట కూర్చోవడం ఎంతంటావు?" అన్నాడు.

నేను వెంటనే చెప్పలేదు. ముందు అతని రెండో చెయ్యి చూశాను, గాల్లో దగ్గు ముక్క వాయిస్తోంది. కళ్ళు చూశాను, రాత్రి నిద్ర లేదు. పొద్దున ఏమీ ముట్టలేదని బయల్దేరేటప్పుడే అత్తయ్య చెప్పింది. ఆ గదిలో అతని సొంత కూతురు వాయిస్తున్నా ఇంత బరువు ఉండేది కాదనిపించింది. నిజానికి ఆ వరండాలో ఉన్నది బీరువా కూడా కాదు, దానికి మావయ్య కొలతల్లో పేరే లేదు. నా ఉద్యోగంలో నేను ఒక్కనాడూ తప్పుడు తూకానికి ముద్ర వెయ్యలేదు.

"స్టూలు మావయ్యా," అన్నాను. "చిన్న స్టూలు."

"అబద్ధం."

"తెలిసిపోతోందా?"

"తెలిసిపోతోంది," అన్నాడు నా చెయ్యి వదలకుండా. "అయినా ఇంకోసారి చెప్పు."

పాట అయ్యేదాకా చెబుతూనే ఉన్నాను.